మా అమ్మ రాయని పుస్తకాలు

మా అమ్మ పేరు నేనిక్కడ రాయను. రాసినా ఉపయోగం లేదు. నరసరావుపేటలో మా వీధి మొదట నిలబడి ఆ పేరు పెట్టి పిలిస్తే ఐదారు ఇళ్ళలోంచి ఆడవాళ్ళు "ఆఁ, ఎవరూ?" అంటూ బయటికి వచ్చేవాళ్ళు. కోటప్పకొండ కనబడే ఊళ్ళన్నిట్లోనూ ఇదే తంతు. పిల్లలు నిలవని తల్లులు కొండకు మొక్కుకుంటారు, పుట్టిన బిడ్డకు ఆ దేవుడి పేరే పెట్టుకుంటారు. మగపిల్లాడైతే చివర ఒకటి తగిలిస్తారు, ఆడపిల్లయితే ఇంకొకటి. చిన్నప్పుడు ఆ పేరంటే నాకు ఇష్టంగానే ఉండేది. ఇప్పుడు వింటే ఒళ్ళు మండుతుంది. నా కోపం దేవుడి మీద కాదు. ఆ పేరును అడ్డం పెట్టుకుని మా అమ్మను మాయం చేసిన మనుషుల మీద.

మాది పచారీ కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు. రెండూ మా పెదనాన్న చేతికింద నడిచేవి. మా నాన్న ఆయనకు తమ్ముడు, అంతకు మించి ఏమీ కాడు. అన్న కూర్చోమంటే కూర్చునేవాడు, లెమ్మంటే లేచేవాడు. నాన్న చెల్లెలు, మా అత్త, చిన్నతనంలోనే మొగుడు పోయి మా ఇంటికి వచ్చేసింది. వంటింటికీ పెరటికీ మధ్య తిరగడమే ఆమె బతుకు. వీధి గుమ్మం దాకా వచ్చి నిలబడగా నేనెప్పుడూ చూడలేదు.

ఆ ఇంట్లో ఒక మర్యాద ఉండేది. మా అమ్మ తన బావగారి ఎదుట పడకూడదు, ఆయనతో నేరుగా మాట్లాడకూడదు. ఏదైనా చెప్పాలంటే తలుపు చాటున నిలబడి నాతో చెప్పేది. "మీ పెదనాన్నతో చెప్పవే, కందిపప్పు అయిపోయిందని." ఆయన అక్కడే వసారాలో బల్ల మీద కూర్చుని ఉండేవాడు. ఆమె మాట ఆయనకు శుభ్రంగా వినబడేది. అయినా నేను మళ్ళీ చెబితేగానీ విన్నట్టు కాదు. ఆయన కూడా నా వైపే చూసి, "రేపు తెప్పిస్తానని చెప్పు" అనేవాడు. అదీ అమ్మకు వినబడేది, అదీ నేను మళ్ళీ చెప్పేదాన్ని. నా చిన్నతనమంతా ఆ గడప మీద మాటలు మోయడంతోనే సరిపోయింది.

నాకంటే ముందు మా అమ్మకు ఇద్దరు మగపిల్లలు పుట్టి పోయారు. ఆ రోజుల్లో మా వైపు చంటిపిల్లకు విరేచనాలు పట్టుకున్నా, డొక్క ఎగిరినా, పాలు తాగకపోయినా, అన్నిటికీ ఒకటే మందు: వాత. ఇనుప పుల్ల ఎర్రగా కాల్చి పొట్ట మీద అంటించేవాళ్ళు. మా అన్నలిద్దరికీ అంటించారు. ఇద్దరూ పోయారు. నాకూ అంటించారు. నేను బతికాను. బతికాను గనక వాత పనిచేసిందన్నారు, పోయిన ఇద్దరి సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ మచ్చలు నా పొట్ట మీద ఇప్పటికీ ఉన్నాయి.

తర్వాత మిషను ఆసుపత్రి నర్సమ్మ ఒకావిడ మా వీధికి పురుళ్ళు పోయడానికి వచ్చిపోతుండేది. అమ్మ ఆమె కొంగు వదిలేది కాదు. నీళ్ళు కాచి ఎందుకు చల్లార్చాలి, విరేచనాలవుతున్న బిడ్డకు నీళ్ళు ఆపితే ఏమవుతుంది, బొడ్డు కోసిన చోట బూడిద ఎందుకు పెట్టకూడదు, అన్నీ అడిగి అడిగి తెలుసుకుంది. తెలుసుకున్నది తన మాటల్లో రాసుకుంది. ఆమె చదివింది చిన్న తరగతులే. అయినా రాసింది చదివితే ఎదురుగా కూర్చుని చెప్పినట్టే ఉండేది. మా మేనమామ దాన్ని గుంటూరు తీసుకెళ్ళి అచ్చు వేయించాడు. అరచేతిలో పట్టేంత పుస్తకం. అట్ట మీద ఉయ్యాల బొమ్మ. దాని కింద మా ఇంటిపేరులోని మొదటి అక్షరం, పక్కన అమ్మ పేరు. లోపల మొదటి మాట ఇది: "అమ్మలారా, బిడ్డకు వాత పెట్టనివ్వకండి. నేను పెట్టనిచ్చి ఇద్దరిని పోగొట్టుకున్నాను."

ఊరగాయల పుస్తకంలాంటిదేదో అనుకుని నాన్న ఒప్పుకున్నాడు. పెదనాన్న మూతి ముడుచుకున్నాడుగానీ, పిల్లల పుస్తకం కదా అని ఊరుకున్నాడు. అమ్మ నన్ను వెంటేసుకుని బాలింతలున్న ఇళ్ళకు వెళ్ళి ఆ పుస్తకం ఇచ్చి వచ్చేది. చదవడం రానివాళ్ళకు కూర్చుని చదివి వినిపించేది. కొన్ని ఇళ్ళలో వాత మానుకున్నారు. నేను కళ్ళారా చూశాను. అమ్మకు కావలసింది అంతే, ఆ పుస్తకం ఇళ్ళలోకి వెళ్ళాలి. పేరు కోసం ఆమె ఏనాడూ పాకులాడలేదు. ఆ పేరే ఆమె కొంప ముంచింది.

బజారు చివర బియ్యం కొట్టు మేడ మీద ఒక రీడింగ్ రూము ఉండేది. మా పెదనాన్న దాని కమిటీకి పెద్ద. పుస్తకాలు చూసుకునేది బడి ఉద్యోగం నుంచి దిగిపోయిన ఒక పంతులుగారు. జనం రాసినవాళ్ళ పేరు చెప్పి పుస్తకం అడుగుతారని, ఆయన పేర్లను బట్టి అరల్లో సర్దేవాడు. మగవాళ్ళకైతే ఇంటిపేరు, ఊరు, అన్నీ చూసేవాడు. ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఒట్టి పేరే. ఒకసారి నేనే అడిగాను. "ఆడదాని ఇంటిపేరు పెళ్ళితో మారిపోయేదే గదమ్మా. దాన్ని పట్టుకుని సర్దితే ఒక మనిషి పుస్తకాలు రెండు చోట్ల పడతయ్యి" అన్నాడు. ఎంతో తెలివిగా ఆలోచించానన్న తృప్తి ఆయన ముఖం నిండా ఉంది.

అలా కొండ దేవుడి పేరున్న ఆడవాళ్ళ పుస్తకాలన్నీ ఒకే అరకు చేరాయి. కృష్ణ ఒడ్డున ఎక్కడో ఉండే ఒక ముసలావిడ భజన పాటలు. మద్రాసులో పిల్లలకు కుట్టుపని నేర్పే ఆవిడ ఊలు అల్లికల పుస్తకం. జైలుకు వెళ్ళి వచ్చిన ఒకామె స్వరాజ్యం పాటలు. మా అమ్మ ఉయ్యాల పుస్తకం. ఒక నవల. రాసినవాళ్ళ ఊళ్ళు ముందుమాటల్లో ఉన్నాయి, నవలకు ఒక్కదానికే ముందుమాట లేదు. ఇంటిపేర్ల అక్షరాలు అట్టల మీదే ఉన్నాయి. చూసే ఓపిక ఎవరికి? అర అంచుకు అంటించిన చీటీ మీద పేరు ఒక్కటే, కాబట్టి మనిషి ఒక్కతే. ఆ మనిషి ఎవరంటే, ఊళ్ళో అచ్చయిన పుస్తకం ఉన్న ఆ పేరుగల ఆడది మా అమ్మే గనక, మా అమ్మే.

మొదట్లో మేం నవ్వుకున్నాం. "ఇన్ని పనులు ఎప్పుడు చేస్తన్నావమ్మా?" అని నేను ఏడిపించేదాన్ని. "ఏం చేస్తానే, పొద్దున జైలుకెళ్ళొచ్చా, ఇప్పుడు మినప్పప్పు రుబ్బుతున్నా. ఊలు అల్లటం సందేళకి" అనేది అమ్మ. అత్త కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది.

ఆ నవ్వు నవల మూలంగా ఆగిపోయింది. అందులో కథ ఒక కొట్టు వాళ్ళ ఇంట్లో జరుగుతుంది. ఆ ఇంట్లో చిన్నతనంలోనే మొగుడు పోయిన ఆడపడుచు ఉంటుంది. కథ చివర ఆమె తన పెట్టె తనే పట్టుకుని, పట్టపగలు, వీధి గుమ్మంలోంచి నడిచి వెళ్ళిపోతుంది, తనను చేసుకుంటానన్న బడి పంతులుతో. ఊరు గుప్పుమంది. కొట్టు వాళ్ళ ఇల్లు, మొగుడు పోయిన ఆడపడుచు, ఇక ఎవరిల్లని అడగాలా? పైగా నవల అట్ట మీదున్న అక్షరం మా అమ్మ పుట్టింటివాళ్ళ ఇంటిపేరులో మొదటి అక్షరమే. పంతులుగారు తేల్చేశాడు: పెళ్ళికి ముందు రాసుకున్న పుస్తకం అది.

"పెళ్ళినాటికి నాకు తొమ్మిదేళ్ళు" అంది అమ్మ, అంట్ల ముందు కూర్చుని. "శావల్యాపురం బళ్ళో గుణింతాలు దిద్దుకుంటన్నా. నవల రాశానంటనా? పెళ్ళికి ముందే ఈ ఇంటి సంగతులు నాకెట్టా తెలిసినయ్యంట?"

ఎవరూ లెక్క చూడలేదు. లెక్క చూస్తే రుచి పోతుంది మరి. ఇంకో చిత్రం చూడండి. ఉయ్యాల పుస్తకం గురించి, "ఆ మందుల సంగతులు ఆడదానికేం తెలుసు, ఎవడో డాక్టరు రాసి ఈమె పేరు పెట్టుంటాడు" అన్నవాళ్ళే, నవల మాత్రం అక్షరం పొల్లుపోకుండా ఆమే రాసిందన్నారు. ఆమె రాసింది రాయలేదన్నారు, రాయంది రాసిందన్నారు. ఆ నోళ్ళలో చాలా నోళ్ళు మా కొట్టులో బెల్లం ముక్క ఊరికే తీసుకుని చప్పరించినవే.

ఇచ్చిన పుస్తకాలు వెనక్కి రావడం మొదలైంది. "మా కోడలికి ఇట్టాంటియ్యి వద్దులే అమ్మా" అని గుమ్మంలోనే చేతిలో పెట్టేవాళ్ళు. ఒక ఇంటి ముందు అమ్మా నేనూ నిలబడి ఉండగా లోపలి నుంచి చంటిపిల్ల కేక వినబడింది. అది ఏ కేకో అమ్మకు తెలుసు. తోసుకుని లోపలికి వెళ్ళబోయింది. ఆ ఇంటి పెద్దావిడ గడప మీద చేతులు అడ్డం పెట్టి, "నీ పుస్తకాలు నీ ఇంట్లో పెట్టుకో తల్లీ" అంది. అమ్మ దారి పొడుగునా నా చెయ్యి నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకుంది.

ఆ తర్వాత ఆ నవల తెమ్మని నన్ను పంపింది. "మీ అమ్మ పుస్తకం మీ అమ్మకే ఇయ్యాల్నా?" అని పంతులుగారు పళ్ళికిలించాడు. మధ్యాహ్నం వేళ, పెదనాన్న కొట్టులో కునుకు తీసేటప్పుడు, అమ్మ దాన్ని వంటింట్లో అత్తకు చదివి వినిపించింది. అత్త చేట ఒళ్ళో పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ వినేది. ఆడపడుచు పెట్టె పట్టుకుని గుమ్మం దిగే చోటుకు వచ్చేసరికి ఆమె చేతులు ఆగిపోయాయి.

"పెట్టె మొయ్యగలిగిందా వదినా? బరువు లేదా?" అని అడిగింది.

"దాంట్లో ఏముంది, రెండు చీరలేగా" అంది అమ్మ.

అత్త మళ్ళీ రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది. ఏరిన చోటే ఏరుతూ చాలాసేపు కూర్చుంది.

గుసగుసలు కొట్టు దాకా వచ్చేసరికి పెదనాన్న ఊరుకోలేకపోయాడు. రీడింగ్ రూము కమిటీ వాళ్ళను, బజారు పెద్దలను మా వసారాలో కూర్చోబెట్టాడు. ఆయన ఒక దారి కనిపెట్టాడు. పేరు ఒకటే, మనుషులు వేరు. ఆ మాట అమ్మ మొదటి నుంచీ మొత్తుకుంటున్నదే. అయితే ఆయన దాన్ని తనకు కావలసినంత దూరం లాగాడు.

"మా ఇంటి కోడలు ఏ పుస్తకమూ రాయలేదు" అన్నాడు. "నవలా రాయలేదు, ఆ పిల్లల పుస్తకమూ రాయలేదు. ఆ పేరుగలాళ్ళు జిల్లాలో చానామంది ఉన్నారు. ఎవరెవరో రాసుకున్న వాటికి మమ్మల్నంటే ఎట్టా?"

నాన్న పక్కనే కూర్చుని తల ఊపాడు. ఉయ్యాల పుస్తకాల కట్టలు గుంటూరు నుంచి వచ్చిన రోజు బండి దగ్గర నిలబడి దింపించుకున్నది ఆయనే. ఇప్పుడు తల ఊపుతున్నదీ ఆయనే. పెదనాన్నను నేను తర్వాత ఎప్పుడో మర్చిపోగలిగాను. ఆ తల ఊపడాన్ని మర్చిపోలేకపోయాను.

"సంసారపు ఆడది ఎవతీ ఇట్టాంటి రాతలు రాయదు" అని పెదనాన్న గొంతు పెంచాడు. "రాయటం దాకా ఎందుకు, మనసులో కూడా అనుకోదు. మా ఇంట్లో ఆడాళ్ళెవరూ అనుకోరు. ఏమే, మీ అమ్మనడుగు. ఏదీ రాయలేదని ఒక్క మాట చెప్పమను, ఇంతటితో అయిపోద్ది."

నేను తలుపు దగ్గరికి వెళ్ళాను. అమ్మ నిలబడి ఉంది. ఆమె వెనక అత్త గోడ వైపు ముఖం తిప్పుకుని ఉంది. ఆమె భుజాలు కదలడం నాకు కనబడింది. అమ్మకూ కనబడింది.

"పిల్లల పుస్తకం నాదేనని చెప్పు" అంది అమ్మ.

నేను తిరగబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది. ఒకసారి అత్త వైపు చూసి, "నవల కూడా నాదేనని చెప్పు" అంది.

"కాదుగదమ్మా" అన్నాను.

"చెప్పవే. ఆ మాటలు అనుకునే ఆడది ఈ ఇంట్లో ఉందని చెప్పు."

ఆ మాట వసారాలో అందరికీ వినబడింది. అయినా ఎవరూ కదల్లేదు, మర్యాద ప్రకారం నా కోసం ఎదురుచూశారు. నేను గడప మీద నిలబడి గట్టిగా చెప్పాను. "రెండూ అమ్మవేనంట. ఆ మాటలు అనుకునే ఆడది ఈ ఇంట్లో ఉందంట." చెబుతుంటే నాకు భయం వేయలేదు. ఒళ్ళు అంతగా పులకరింపజేసిన మాట నేను ఆ గడప మీద ఇంకెప్పుడూ మోయలేదు.

కేకలేమీ లేవు. పెద్దలు కండువాలు దులుపుకుని లేచి వెళ్ళిపోయారు. మర్నాటికి ఆ అర మీంచి రెండు పుస్తకాలూ తీసేశారు. భజన పాటలు, ఊలు అల్లికలు, స్వరాజ్యం పాటలు మాత్రం మిగిలాయి. అమ్మ వీధి గుమ్మం దాటకూడదన్నారు. నాన్న అమ్మతో మాట్లాడడం మానేశాడు. తప్పనిసరిగా చెప్పాల్సినవి, "మీ అమ్మతో చెప్పు, చొక్కా బొత్తాం ఊడింది" అని నాతో చెప్పడం మొదలుపెట్టాడు. కట్టుకున్న మొగుడు, అదే గదిలో నిలబడి.

అవి యుద్ధం రోజులు, కాగితం కరువు. అటక మీద మిగిలిన ఉయ్యాల పుస్తకాల కట్టలు కొట్టులోకి దిగాయి. పేజీకి ఒక పొట్లం, జీలకర్రకొకటి, మిరియాలకొకటి. ఒకరోజు పల్లె నుంచి ఒక కూలిమనిషి నలిగిన కాగితం పట్టుకుని కొట్టు ముందుకు వచ్చింది. "అయ్యా, మా పల్లె పంతులు చదివి చెప్పాడు. పిల్లోడికి నీళ్ళు కాచి చల్లార్చి అని ఉందంట, తరవాత ఏం చెయ్యాల్నో లేదంట. తక్కిన కాయితం ఉంటే ఇయ్యి" అంది. "ఇదేంది, పచారీ కొట్టనుకున్నావా, ఆసుపత్రనుకున్నావా?" అని పెదనాన్న కసిరి పంపాడు. నేను దొడ్డిదారిన పరిగెత్తి ఆమెను పట్టుకొచ్చాను. తక్కిన పేజీ అమ్మ నోటితో చెప్పింది. ఉప్పు ఎంత వేయాలో రెండుసార్లు ఆమె చేత అప్పజెప్పించుకుంది. ఆమె వెళ్ళాక పెరటి మెట్టు మీద కూర్చుని ఏడ్చింది. తన పుస్తకం చదివి ఒక మనిషి వెతుక్కుంటూ వచ్చిందన్న సంతోషం అది. ఇన్నాళ్ళకు, పొట్లం కాగితంలో.

స్వరాజ్యం వచ్చిన మరుసటి ఏడు అమ్మ సన్నిపాత జ్వరంతో పోయింది. అప్పటికి నేను మాచర్లలో కాపురముంటున్నాను, ఒళ్ళో పాలుతాగే పిల్ల. మా అత్తగారు ఇనుప పుల్ల పొయ్యిలో పెట్టిన రోజు, పిల్లను ఎత్తుకుని పొలాలకు అడ్డంపడి పరిగెత్తినదాన్ని నేను. నా కూతురి పొట్ట మీద మచ్చ లేదు. అమ్మ రాసినదాంట్లో నాకు దక్కిన ఆస్తి అదే.

పెద్దకర్మ రోజున భోజనానికి వచ్చినవాళ్ళకు పోయినవాళ్ళ పేరిట చిన్న పుస్తకం పంచడం మా వాళ్ళ ఆనవాయితీ. నాన్న ఒక కట్ట తెచ్చి విప్పాడు. అట్ట మీద అమ్మ ఫొటో ఉంది, కింద ఆమె పేరు. ఉయ్యాల పుస్తకం మళ్ళీ వేయించాడనుకున్నాను. ఆయనను అప్పటికప్పుడు క్షమించేశాను కూడా. అట్ట తిప్పాను. భజన పాటలు.

అత్త తలుపు దగ్గరికి వచ్చి, "మీ అమ్మ పుస్తకమంటగా, కాస్త చదవ్వే" అంది. నాలుగు పంక్తులు చదివాను. "ఆపు" అంది. "ఇది మా వదిన మాట కాదు."

నేను నాన్న దగ్గరికి వెళ్ళాను. "నాన్నా, ఇయ్యి అమ్మ పాటలు కావుగా?"

"పేరు అదేగా" అన్నాడు, కట్టలోంచి తల ఎత్తకుండానే. "మంచి పుస్తకం. నలుగురూ మంచిగా అనుకుంటారు. ఎవరికి తెలుసుద్దిలే."

వసారాలో పెదనాన్న తన మరదలి భక్తి గురించి చెబుతున్నాడు. తెల్లారగట్టే లేచి ఈ పాటలు కట్టేదట. వింటున్నవాళ్ళలో ఆనాడు కండువాలు దులుపుకుని వెళ్ళినవాళ్ళు కూడా ఉన్నారు. అలవాటు కొద్దీ నేను ఏం చెప్పమంటావన్నట్టు తలుపు వైపు తిరిగాను. అమ్మ నిలబడే చోట అత్త నిలబడి ఉంది.

"చెప్పవే" అంది. "అది మీ అమ్మది కాదని చెప్పు."

పిల్లను భుజాన వేసుకుని గడప మీదికి వెళ్ళాను. "ఈ పుస్తకం మా అమ్మ రాయలేదు" అన్నాను. అందరికీ వినబడేట్టు రెండోసారీ అన్నాను. పెదనాన్న మాట ఆగింది. అందరూ నా వైపు చూశారు. ఒకాయన నాలుక చప్పరించి, "తల్లి పోయిన పిల్ల, పాపం, ఏం మాట్టాడతందో దానికే తెలీదు. కాసిని మజ్జిగియ్యండి ఎవరన్నా" అన్నాడు.

ఎవరో మజ్జిగ గ్లాసు తెచ్చి నా చేతిలో పెట్టారు. నాన్న పుస్తకాలు పంచుతూ వెళ్ళాడు.